అర ఊపిరి

కార్డిఫ్‌లో, సముద్రానికి వీపు పెట్టుకున్న ఒపేరా హాల్లో
వెనక గోడ దగ్గర అద్దాల గది నాది.
ముందు స్వరాల పుస్తకం, బొటనవేలంత దీపం,
ఒక మీట.

పాట ఇటాలియన్. జనం వెల్ష్ వాళ్లు, ఇంగ్లీషు వాళ్లు.
నేను తెనాలి పిల్లని.
రాత్రికి ఆరువందల పన్నెండు సార్లు మీట నొక్కుతాను.
నొక్కినప్పుడల్లా వేదిక నెత్తిన నల్లపలక మీద
ఒక వాక్యం వెలుగుతుంది.
గంటకి పన్నెండు పౌండ్లు.
చలికోటు అప్పు ఈ నెలతో తీరిపోతుంది.

క్లాసులో ఇచ్చిన ప్రశ్న:
యంత్రం రంగస్థలాన్ని బతికిస్తుందా, చంపుతుందా?
రెండువేల మాటలకు మించకుండా.
పంతొమ్మిది వందలు రాశాను.
పొగ యంత్రం గురించి,
గోడంత తెర మీద తడి లేకుండా కురిసే మంచు గురించి,
సినిమా హాలు ప్రసారంలో, చచ్చిపోతున్న నాయిక నోట్లో
బంగారు పన్ను మెరవడం గురించి.
అన్నీ నిజాలే. ఒక్కటీ నాది కాదు.

ఒక శనివారం, రెండో అంకం.
ముసలి భర్త నోరు తెరవకముందే హాలంతా నవ్వింది.
వాక్యం ముందే వెలిగింది. నేనే.
నవ్వు సద్దుమణిగి ఆయన ఆ మాట పాడేసరికి
అది విస్తరి ఎత్తేశాక వడ్డించిన పెరుగైంది.
హెడ్‌సెట్‌లో గ్లెనిస్ ఏమీ అనలేదు.
గ్లెనిస్ ఏమీ అనలేదంటే తిట్టినట్టే.

ఆట అయ్యాక మెట్ల దగ్గర ఒకాయన నన్ను ఆపాడు.
ఎమ్రిస్. ఉక్కు మిల్లులో ముప్పై ఏళ్లు, చెవులు అక్కడే వదిలేశాడు.
ఎప్పుడూ మూడో వరస చివరి కుర్చీ.
ఒళ్లో ఊదిన బెలూన్, రెండు అరచేతుల మధ్య,
చంటిపిల్ల తల పట్టుకున్నట్టు.
మందర గొంతులు అందులో కదులుతాయట,
డోలైతే మోచేతి దాకా వస్తుందట.
జేబులోంచి నోటుబుక్కు తీసి రాశాడు:
'నీ అక్షరాలు అర ఊపిరి ముందొస్తున్నాయి.
నేను వాళ్ల పక్కటెముకలు చూస్తాను.
అవి విచ్చుకున్నాక నొక్కు.'

బస్సులో శేషగిరి మామ గుర్తొచ్చాడు.
మా పేట పద్యనాటకాలకి మైకుసెట్టు ఆయనదే.
వేదిక మధ్యన తాడుకి వేలాడే ఒకే ఒక్క మైకు.
రాజైనా, భటుడైనా, ఒకర్నొకరు చంపుకోబోయే వాళ్లైనా
పద్యం వచ్చిందంటే దాని కిందికే రావాలి;
గద దించి, కాస్త జరిగి, జాగా ఇచ్చుకునేవాళ్లు.
రాగం సాగుతుంటే మామ కళ్లు మూసుకుని
పెట్టె మీది మర మీద వేలు ఉంచేవాడు,
అవతల గొంతు లేచే ముందే కాస్త తగ్గించేవాడు.
ఒన్స్ మోర్లన్నీ నటుడికి.
మైకు ఈల వేస్తే తిట్లన్నీ మామకి.
నువ్వు కళని చంపుతున్నావా అని ఆయన్నెవరూ అడగలేదు.
తెల్లారాక ఇడ్లీ పెట్టించారు, అంతే.

అద్దాల గదిలోంచి పక్కటెముకలు కనపడవు.
అడిగితే గ్లెనిస్ ఒక చిన్న కెమెరా బిగించింది,
నా మోకాలి దగ్గర చేటంత తెర.
ఇప్పుడు ఊపిరి చూస్తున్నాను,
ఊపిరి చూడ్డానికి ఇంకో యంత్రం.
ఇది వ్యాసంలో ఏ పక్కన రాయాలో తెలియలేదు.

గురువారం మూడో అంకంలో నాయిక గాలి పీల్చి
పాడలేదు.
పట్టి ఉంచింది.
నా వేలు మీట మీద, ఎమ్రిస్ వేళ్లు బెలూన్ మీద.
పలక నల్లగా.
ఎంతసేపో గడియారం చెబుతుంది గానీ
నేను చూడలేదు.

ఇవాళ బెలూన్లు కొన్నాను, పౌండుకి ఆరు.
ఎర్రది ఊది, లాప్‌టాప్ ముందు కూర్చుని,
చెవుల్లో దూది కుక్కుకుని
మామ పాత క్యాసెట్టులోంచి ఎక్కించిన పద్యం పెట్టాను.
అరచేతుల్లో ఏదో కదిలింది.
రాగమో, పాక వెనక జనరేటరో.

సోమవారం గడువు.
ఇంకా వంద మాటలు బాకీ.